మెషీను పోస్టాఫీసు దాటిన రోజు

ఆవిడ పోయిన సంగతి రేడియోలో విన్నాను. ఐర్లండ్‌లో చిన్న ఊళ్ళ రేడియోలు పొద్దుటి వార్తల తర్వాత ఆ చుట్టుపక్కల పోయినవాళ్ళ పేర్లు చదువుతాయి. మా పక్క కొట్టావిడ ఆ కాసేపు తన కొట్లో ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఉన్ని కొనడానికి వచ్చినవాళ్ళు కూడా నోరు మూసుకుని నిలబడాల్సిందే. ఆ రోజు ఆవిడ పేరే చదివారు. నేను కొట్లో కందిపప్పు పొట్లాలు సర్దుతున్నాను. పైన ఇంట్లోంచి మా ఆవిడ మెట్ల మీదికొచ్చి కేకేసింది.

"ఏవండీ, విన్నారా? మన ఉన్నికొట్టు ఆంటీ పోయిందంటండీ."

విన్నాను. పొట్లాలు సర్దుతూనే ఉన్నాను. చేతులకు ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఆ వారం ఊరి పత్రికలో మా వీధి సంఘం అధ్యక్షుడి మాటలు అచ్చయ్యాయి. ఆవిడ ఈ వీధికి ప్రాణమట, సంఘానికి తల్లి అట. ఆ తల్లి అడిగిన ఒక్క కోరికా ఏళ్ళ తరబడి తీర్చని పెద్దమనిషి రాసిన ముక్కలివి. అది చదివాకే నేనూ రాయాలనుకున్నాను. ఈ తెలుగు పత్రిక చదివే మీలో చాలామంది రాజధాని పక్కనున్న బ్లాంచర్డ్స్‌టౌన్‌లోనో లూకన్‌లోనో ఉంటారు. మాది ఒకటే పెద్ద వీధి ఉన్న ఊరు. ఆవిడ మీకు తెలియదు. తెలియాలి.

నర్సుగా మా ఆవిడకు ఇక్కడ ఉద్యోగం వస్తే వెనకాల వచ్చినవాణ్ణి నేను. ఉన్న డబ్బంతా పెట్టి వీధి దిగువన ఒక పాత కట్టడం కొని, కింద సరుకుల కొట్టు పెట్టాను. మొదటి వారంలోనే మా ముందునుంచి ఒక శవయాత్ర వెళ్ళింది. శవపేటిక ఉన్న కారు మెల్లగా వస్తుంటే వీధిలో కొట్లవాళ్ళందరూ తలుపులు మూసి, తెరలు దించి, బయటికొచ్చి తలవంచి నిలబడ్డారు. మన ఊళ్ళలోనూ షట్టర్లు సగం దించుతారు కదా, నేనూ దించాను. కారు మలుపు తిరిగిందో లేదో లోపలికి వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చి గుమ్మం ముందు పోశాను. మా అమ్మ చేసేది, నా చేతులకు అదే అలవాటు. పోయినవాళ్ళ అడుగు మళ్ళీ ఇటు పడకూడదని మా అమ్మ అనేది.

పక్క గుమ్మంలోంచి ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ మాట్లాడింది ఇక్కడి ఇంగ్లీషే. నా చెవిలో మాత్రం ఇప్పుడు తెలుగులోనే మోగుతోంది.

"గ్రాండ్! ఇన్నాళ్ళకి ఈ వీధికి శుభ్రత తెలిసిన మనిషి ఒకడొచ్చాడు. రేపు నా బకెట్టు కూడా తెస్తాను, నైబర్."

తెచ్చింది. నా గుమ్మం, తన గుమ్మం, దానవతల మూతబడిన బూట్ల కొట్టు గుమ్మం, మూడూ చీపురుతో రుద్దించింది. అసలు సంగతి చెప్పే ధైర్యం నాకు చాలాకాలం రాలేదు. నన్ను ఎప్పుడూ నైబర్ అనే పిలిచేది. పేరు పలకలేక కాదు. ఈ ఊళ్ళో నా పేరు సరిగ్గా పలికిన మనిషి ఆవిడొక్కతే.

వీధి సంఘం ఆలోచన ఆవిడదే. పద్ధతి చెబుతాను. ఒక హద్దు గీస్తారు. అందులో వ్యాపార భవనాలకు పన్ను కట్టేవాళ్ళంతా ఓటేస్తారు. ఎక్కువమంది సరేనంటే, మామూలు పన్నుతో పాటు కౌన్సిల్ కొంత అదనంగా వసూలు చేసి ఆ సొమ్ము సంఘానికే ఇస్తుంది. వద్దన్నవాడూ కట్టాల్సిందే. భవనం పెద్దదైతే చందా పెద్దది, ఓటు మాత్రం అందరికీ ఒకటే. కట్టేవాళ్ళలోంచే బోర్డు వస్తుంది. కొన్నేళ్ళకోసారి మళ్ళీ ఓటు పెడతారు, అందులో ఓడితే సంఘం మూసెయ్యాలి.

ఇదంతా ఆవిడ గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పింది. పక్కన నేను. బార్బరు "మళ్ళీ పన్నా?" అని విసుక్కుంటే ఆవిడ అతని కుర్చీలో కూర్చుని, "ముందు వెనకాల జుట్టు తియ్యి, తియ్యడం అయ్యేలోపు నీచేత సరే అనిపిస్తాను" అంది. అనిపించింది. "ఎవరి గుమ్మం వాళ్ళు కడుక్కుంటే అది వీధి కాదు నైబర్, ఉత్త గుమ్మాల వరస" అనేది. నగరాల చరిత్రలు చాలా చదివాను. ఈ విషయం ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

ఓటు నెగ్గింది. మొదటి బోర్డులో ఆవిడ ఉంది. తర్వాతి ఎన్నికకు వీధి ఎగువన హోటలూ, మరికొన్ని భవనాలూ ఉన్న ఆసామి అధ్యక్షుడయ్యాడు. బోర్డు సభలు మధ్యాహ్నం పూట అతని హోటల్లోనే పెట్టారు. కొట్టు ఒంటరిగా నడిపే మనిషి మధ్యాహ్నం తలుపు మూసి ఎలా వెళుతుంది? నాలుగు సభలకు రాలేదని ఆవిణ్ణి బోర్డులోంచి తీసేశారు. నిబంధన ప్రకారమేనట. దౌర్జన్యానికి నిబంధన తోడైతే చేతికి మట్టి అంటదు. అది తెలిసిన మనిషి ఆ అధ్యక్షుడు.

పూలకుండీలు వచ్చాయి, దీపాల తోరణాలు వచ్చాయి, పేవ్‌మెంటు కడిగే మెషీను వచ్చింది. అన్నీ ఎగువనే. మెషీను రోజూ పొద్దున్నే హోటలు దగ్గర బయల్దేరి, పోస్టాఫీసు దాకా వచ్చి, వెనక్కి తిరిగేది. పోస్టాఫీసుకు దిగువన మేము. మాకూ చందా ఉంది, మాకూ హద్దు గీశారు. ఆవిడ పొద్దున్నే చీపురు పట్టుకుని బయటికొచ్చి, మెషీను తిరిగిపోయేదాకా చూసి, అప్పుడు ఊడ్చేది.

ఏటా అందరినీ పిలిచే సభకు మాత్రం కొట్టు మూసి వచ్చేది. వెనక వరసలో కూర్చుని స్వెట్టర్ అల్లేది. సూదులు ఆగాయంటే ఎవరో అబద్ధం చెబుతున్నారని నాకు అర్థమయ్యేది. ఒక ఏడు అధ్యక్షుడు "వీధి మొత్తాన్నీ ఒకేలా చూస్తున్నాం" అన్నాడు. సూదులు ఆగాయి.

"మరి మెషీను పోస్టాఫీసు దగ్గర ఎందుకు తిరిగిపోతోంది?"

"జనం తిరిగేది ఎగువనే కదా. ఫలితం కనిపించే చోట ఖర్చు పెట్టాలి."

"జనం దిగువకెందుకు రారో చెప్పనా? కింద బూట్లకు అంటుకున్న మురికి మీ హోటలు తివాచీకి రాయడం ఇష్టం లేక."

అందరూ నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు. నవ్వి, తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. ఇక్కడ మనుషుల్ని అలాగే ముంచుతారు, నవ్వుతూ.

ఆ బోర్డులో మనవాడూ ఒకడున్నాడు. ఇక్కడి సర్కారు ఆసుపత్రిలో డాక్టరు, ఎగువన రెండు భవనాలు కొన్నాడు. సభ అయ్యాక టీ తాగుతుంటే నా దగ్గరికొచ్చాడు.

"అంకుల్, ఆవిడకి కాస్త చెప్పండి. ఎక్కువ కట్టేవాళ్ళకి ఎక్కువ సర్వీస్. సింపుల్ లాజిక్."

"మీ వార్డులో కూడా ఎక్కువ టాక్స్ కట్టినవాడికే ముందు సూది వేస్తారా, డాక్టరు గారూ?"

"అది వేరంకుల్. మీరు ఊరికే ఎమోషనల్ అయిపోతారు."

అవును బాబూ, అయ్యాను. ఇంకా అలాగే ఉన్నాను. ఇది చదువుతావని తెలిసే రాస్తున్నాను.

సంఘాన్ని కొనసాగించాలా వద్దా అని మళ్ళీ ఓటు పెట్టినప్పుడు వద్దని వేస్తానన్నాను. ఆవిడ నామీద గొంతు పెంచింది అప్పుడొక్కసారే.

"పాడుచేసింది వాళ్ళు. మూసేస్తే పోయేది మనది. నైబర్, ఆ మెషీను పోస్టాఫీసు దాటడం చూశాకే నేను పోతాను."

ఆవిడ కోసం సరేనని వేశాను.

ఆ రోజే బకెట్టు సంగతి కూడా చెప్పేశాను. మొదటి వారం నేను పోసిన నీళ్ళు శుభ్రత కోసం కాదని, చచ్చినవాళ్ళు తిరిగి రాకుండా పోసినవని. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"అంటే వీధి సంఘం పుట్టింది దయ్యాల భయంతోనా! సరే, నేను పోయినప్పుడు మాత్రం నీ బకెట్టు లోపలే ఉంచు. నేను వెనక్కొచ్చి చూసుకోవాలి, ఆ మెషీను వచ్చిందో లేదో."

అంత్యక్రియల రోజు చర్చి నుంచి శవపేటికను మా ముందునుంచే తీసుకెళ్ళారు. షట్టరు సగం దించి, తలవంచి నిలబడ్డాను. పక్కన మా ఆవిడ. దిగువ కొట్లవాళ్ళందరూ బయటే ఉన్నారు. కారు వెనక నల్లకోటు వేసుకుని అధ్యక్షుడు నడిచాడు, ఆ పక్కన డాక్టరు. వెంట ఊరి పత్రిక ఫొటోగ్రాఫరు.

కారు మలుపు తిరిగింది. అప్పుడు వినిపించింది మోత. తల ఎత్తి చూస్తే, మెషీను పోస్టాఫీసు దాటి వస్తోంది. బ్రష్షులు తిరుగుతున్నాయి, నీళ్ళు చిమ్ముతున్నాయి. ఎన్నేళ్ళు అడిగితే రానిది!

అది ఆవిడ గుమ్మం చేరకముందే వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు ఇంజను ఆపాడు.

"కింది దాకా కడగమని అధ్యక్షుడు ఫోన్ చేశాడు బాస్. శవయాత్రకి ముందే అయిపోవాలన్నాడు. హోటలు దగ్గరే ఆలస్యమైపోయింది."

బతికుండగా ఆవిడకు దక్కనిది ఫొటో కోసం పంపారు, అదీ ఆలస్యంగా.

"ఇవాళ వద్దు," అన్నాను. "రేపు రా. రోజూ రా. ఇవాళ మాత్రం ఈ రెండు గుమ్మాల ముందూ నీళ్ళు పడకూడదు."

"ఎందుకు?"

"ఆవిడ వెనక్కి రావాలి."

అతనికి ఏం అర్థమైందో తెలియదు. టోపీ తీశాడు. తర్వాత మెషీను వెనక్కి తిప్పుకుని ఎగువకు వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంతవరకూ రాలేదు.

ఆ రోజు మా ఆవిడ లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచింది. నేను బయటే ఉన్నాను. పోస్టాఫీసు నుంచి ఆవిడ గుమ్మం దాకా పేవ్‌మెంటు తడిగా మెరుస్తోంది. అక్కణ్ణుంచి ఆవిడ గుమ్మమూ నాదీ పొడిగా, బూడిదరంగులో ఉన్నాయి. సాయంత్రం దాకా వాన కూడా పడలేదు.