స్విచ్చు పిడికి వేలాడిన బతాకా

మా వర్క్‌షాపులో మెయిన్ స్విచ్చుకు ఒక తాళం ఉండేదట. దాని చెవి నేను రాకముందే పోయింది. అందుకని వెల్డింగ్ మిషన్ విప్పేవాడు గోడమీది స్విచ్చు ఆపి, దాని పిడికి తన బతాకా తగిలించాలన్నది మేం పెట్టుకున్న పద్ధతి. బతాకా అంటే ఖతర్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు. అది లేకుండా రోడ్డెక్కితే పోలీసు ఆపుతాడు కాబట్టి దాన్ని ఎవడూ ఊరికే వదిలిపోడు. పిడికి కార్డు వేలాడుతోందంటే, ఫోటోలోని మనిషి చేతులు మిషన్‌లో ఉన్నట్టే. నా ఫోటో చూస్తే ఎవరికైనా స్విచ్చు వెయ్యాలనే అనిపిస్తుందని అన్న అనేవాడు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. గోదావరి జిల్లా వెల్డరు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ని. తొంభైల నడిమి సంవత్సరాలవి. పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. మమ్మల్ని పనికి రప్పించుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్, సంతకం పెడితే తప్ప దేశం దాటలేం. ఆయన గురువారాల్లో, అదీ పన్నెండు దాకానే ఆఫీసులో కూర్చునేవాడు.

నా పెళ్లి అప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. ముహూర్తం, పందిరి, పెళ్లికూతురు అన్నీ కుదిరాయి, పెళ్లికొడుకే తక్కువ. రెండుసార్లూ నన్ను ఆపింది ఒకే వెల్డింగ్ మిషన్. దానిలోని సర్క్యూట్ బోర్డు బాగుచెయ్యడం నాకొక్కడికే తెలుసు. పని నేర్చుకుంటే పైకొస్తావని మా నాన్న చెప్పాడు గానీ, బయటికి రాలేవని చెప్పలేదు. "దుబాయ్‌ల ఒక్క సంతకానికి మూడేండ్లు పడ్తదా?" అని కాబోయే మామ ఫోన్లో అడిగాడు. ఇది దుబాయ్ కాదని చెప్పబోతే, ఈసారి రాకుంటే వేరే సంబంధం చూసుకుంటామన్నాడు. ముహూర్తం వచ్చే బుధవారం.

దానికి ముందు మిగిలిన ఒకే ఒక్క గురువారం పొద్దున్నే మిషన్ మళ్లీ ఆగింది. బోర్డు మాడిన వాసన. ఫోర్మన్ కొత్త బోర్డు డబ్బా నా చేతిలో పెట్టి, "మిషన్ చాలూ కర్, ఛుట్టీ లే" అన్నాడు. మిషన్ నడిపిస్తేనే సెలవన్నమాట.

పదింటికి స్విచ్చు ఆపాను, కార్డు తగిలించాను, మిషన్ రేకు విప్పాను. లోపల కెపాసిటర్లని పెద్ద డబ్బాలుంటాయి. కరెంటు తీసేసినా, పెళ్లిలో అలిగిన బంధువుల్లా కాసేపు లోపల పెట్టుకునే ఉంటాయి. పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి, సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. అలాగే పెట్టాను. ఒక్కో వైరుకు టేపు చుట్టి నంబరు రాస్తూ ఊడదీస్తున్నాను. ఫోర్మన్ వచ్చి, "యల్లా, తొందరగా కానివ్వు, నీ సెలవు కాగితం సంతకానికి తీసుకెళ్తున్నా" అని హిందీలో అరిచాడు. తల ఎత్తకుండానే సరేనన్నాను.

ఏడో వైరు మీద నంబరు రాయడానికి చెయ్యి బయటికి తీశాను. మిషన్‌లో ఫ్యాను తిరిగింది. ఖతర్ ఎండలో ఫ్యాను తిరిగితే నాకు ఆనందం కలగకపోవడం అదే మొదటిసారి.

"బందు వెట్టన్నా! మిషిన్ ఇంకా ఇప్పే ఉంది!"

నా అరుపుకు స్విచ్చు ఆగింది. అన్న తెల్లబడిన మొహంతో పరుగెత్తుకొచ్చాడు.

"కార్డేదిరా? పిడికి ఏమీ లేదు. అయిపోయిందనుకున్నాను!"

"నాకన్న ముందే పెండ్లికి పోయిందన్నా."

సంతకానికి కాగితంతో పాటు బతాకా కూడా కావాలి. నాకు మేలు చేద్దామని ఫోర్మన్ దాన్ని పిడినుంచి తీసుకుపోయాడు. ఇప్పుడు ఆఫీసుకెళ్లి తెచ్చుకుంటే సంతకం పోతుంది. తెచ్చుకోకపోతే మిషన్ ఆగిపోతుంది, అప్పుడూ సంతకం పోతుంది.

"కార్డు లేకుండానే చేస్త. నువ్వు స్విచ్చుకాడ నిలబడు," అన్నాను.

"చంపుతాను. చెయ్యి పెట్టావంటే నేనే చంపుతాను." అన్న తన కార్డు తీసి పిడికి తగిలించాడు.

"కార్డు నీదైతే చేతులు నీవే ఉండాలెగదన్నా."

 అన్న స్టూలు జరుపుకుని మిషన్ ముందు కూర్చున్నాడు. "సరే. చేతులు నావి, బుర్ర నీది. చెప్పు."

నా బుర్ర మీద అంత నమ్మకం పెట్టినవాళ్లు అంతకుముందు లేరు. మళ్లీ పది నిమిషాలు ఆగాం. మళ్లీ మీటరు పెట్టించాను. "ఇందాక చూశావుగా?" అని అన్న అంటే, "ఇందాక నువ్వు స్విచ్చు ఎయ్యలే," అన్నాను. మిగిలిన వైర్లకూ నంబర్లు రాయించి, ఊడదీయించి, పాత బోర్డు తీయించాను. ఒంట్లో ఉండే కొద్దిపాటి కరెంటుకే కొత్త బోర్డు చస్తుంది కాబట్టి, కవరు విప్పేముందు ఎర్తున్న ఇనుప బల్లను తాకమన్నాను. గుళ్లో గంటలాగా మర్యాదగా తాకాడు. ఒకటి నుంచి పదకొండు దాకా వైర్లు వరసగా బిగించాడు. పదకొండున్నర దాటాక రేకు మూసి, తొందరలో కార్డు తియ్యకుండానే స్విచ్చు వేసి అన్న వెల్డింగ్ రాడ్డు తాకించగానే, తొలి నిప్పు మెరిసింది.

అప్పుడే ఫోర్మన్ ఆఫీసు నుంచి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది, దానిమీద సంతకం లేదు. "మళ్లీ ఆగితే ఎవరు చూస్తారని కఫీల్ అడుగుతున్నాడు."



"నేను చూస్తా," అన్నాడు అన్న.

"నీకొచ్చా?"

అన్న గోడవైపు చూపించాడు. పిడికి తన కార్డు ఇంకా వేలాడుతోంది. ఫోర్మన్ ఒకసారి కార్డునూ, ఒకసారి మిషన్‌నూ చూసి వెనక్కి పరుగెత్తాడు.

పన్నెండుకు ఐదు నిమిషాల ముందు సంతకం పడింది.

వచ్చే నెల అన్న సెలవు, నేను తిరిగొచ్చేదాకా అది జరిగే పని కాదు. ఆ మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. కార్డు తీసి, చొక్కాకు తుడిచి, జేబులో వేసుకున్నాడు.

"పెళ్లి మిఠాయి పట్రా. నిలవుండేది చూసి పట్రా," అన్నాడు. "తొందరేం లేదు. నేనిక్కడే ఉంటాగా."