నాలా గట్టు మీద పరుగు

ఆదివారం పొద్దున్నే మా చిన్నబిడ్డ గోనెసంచి పట్టుకొని పరుగుకు పోవడం నాకు మొదటినుంచీ నచ్చలేదు. బడికి కొత్తగా వచ్చిన ఆటల టీచరమ్మ ఆడపిల్లలను కుంఠా నాకా కూడలి దగ్గర పోగుచేసి మురుగునీటి నాలా గట్టు వెంట పరుగెత్తించేది. దారిలో కనిపించిన ప్లాస్టిక్‌నంతా ఏరి సంచిలో వేసుకోవాలి.

నూలుకు రంగులు వేసే చిన్న షెడ్డు మాది. రంగునీళ్లు వెనక గోడ కింది తూములోంచి ఆ నాలాలోకే పోయేవి. ఇంత ఊరు వదిలి ఈమె ఆ గట్టునే ఎందుకు పట్టుకుంది? పైగా చేతిలో ఒక నోట్‌బుక్. ఆగిన చోటల్లా ఏదో రాసుకునేది.

"ఈమెను ఎవలో పంపిన్రు. మన షెడ్డు బంద్ చేయిస్తది, చూడు," అన్నాను నా భార్యతో.

"పిల్లలను ఉరికిస్తున్నది, గంతే గదా," అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మరుసటి ఆదివారం సైకిల్ మీద దూరంగా వాళ్ల వెనకే వెళ్లాను. అనుకున్నట్టే మా షెడ్డు వెనక ఆగారు. ముందురోజు ఎరుపు వేశాం. నాలా ఇంకా ఎర్రగానే ఉంది.

"ఈ లాల్ నీళ్లు ఏడికెల్లి వస్తున్నయి?" అని టీచరమ్మ అడిగింది.

మా బిడ్డ తల దించుకొని, "మా షెడ్డుకెల్లే, మేడమ్," అంది.

నాకు ఒళ్లు మండింది. సైకిల్ అక్కడే పడేసి వెళ్లి, "రాసుకున్నరా? ఎవలకు చూపిస్తరు?" అని గద్దించాను.

ఆమె బెదరలేదు. నోట్‌బుక్ నా చేతికిచ్చి, "మీరే చూడున్రి అన్నా," అంది. పేజీల నిండా పిల్లల పేర్లు, పక్కన ఎవరు ఎంతసేపట్లో ఉరికారో. మా షెడ్డు ఊసే లేదు.

"మరి నీళ్ల సంగతి రాయలేదేంది?"

"రాసుడెందుకన్నా? పిల్లలు చూసిన్రు గదా."

మర్నాడు బిడ్డ తానే వచ్చి, "మా దోస్తులు ఎవ్వలు నన్ను ఒక్క మాట అనలే, నాయినా. గందుకే ఇంకా శరం అయ్యింది, తల ఎత్తలేకపోయిన," అంది.

నెల తిరగకముందే షెడ్డు వెనక రెండు తొట్లు కట్టించాను. రంగు అడుగున పేరుకున్నాకే నీళ్లు వదులుతున్నాం. పూర్తిగా తెల్లబడవు గానీ, మునుపటి ఎరుపు లేదు.

మొన్న టీచరమ్మ మా వాకిట్లో ఆగి, వచ్చే వారం పెద్దవాళ్లు కూడా పరుగుకు రావాలంది. చూస్తానన్నాను. ఇందులో ఏం మతలబు ఉందో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.