చింతపండు మెరుపుకి అరవై రెండు మార్కులు

మా పక్కింటి బాబాయిగారు పోయిన సంగతి పిన్నిగారు పిట్టగోడ అవతల నుంచి చెప్పారు. ఆషాఢమాసం, ముసురు పట్టిన పొద్దున్న. "అమ్మాయ్, మీ బాబాయిగారు ఎంత పిలిచినా పలకట్లేదు. ఒకసారి రావా?" అన్నారు. నేను వెళ్ళేసరికే ఆయన ఒళ్ళు చల్లబడి ఉంది. ఆవిడకీ తెలుసు. తెలిసే, ఆ మాట ఇంకొకళ్ళ నోట వినాలని పిలిచారు.

చుట్టరికం ఏమీ లేదు, వరసలు కలిపి పిలుచుకోవడమే. రాజమండ్రిలో పాత నాణేలు సేకరించేవాళ్ళు చిన్న సంచిక వేస్తూ, ఆయన గురించి నన్ను రాయమన్నారు. "అజాతశత్రువు అన్న మాట ఎక్కడో ఒకచోట పడాలండీ" అని ఫోనులో సలహా కూడా ఇచ్చారు. ఆ మాట పడదు. నాణేలకి గ్రేడు వేసే కంపెనీలన్నీ ఆయనకి శత్రువులే. ఆయన పుణ్యమా అని ఇప్పుడు నాకూ శత్రువులే.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పాత నాణెం పంపిస్తే, అది ఎంత అరిగిందో, ఎంత మెరుపు మిగిలిందో చూసి, డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అతికించి తిప్పి పంపే వ్యాపారం ఒకటుంది. ఆ డబ్బా తెరవకూడదు. తెరిస్తే మార్కులు చెల్లవు. వందకి కాకుండా డెబ్బైకే ఎందుకని బాబాయిగారిని అడిగితే, "మిగతా ముప్పై వాళ్ళ సిగ్గుకి పెట్టుకున్నారమ్మా, అవి ఎప్పుడో పోయాయి" అన్నారు.

ఆయన ఉద్యోగమంతా తణుకులో, పంచదార ఫ్యాక్టరీ లేబరేటరీలో. గ్రేడు అంటే ఏంటో ఆయనకి ఒకళ్ళు చెప్పాల్సిన పని లేదు. పంచదారకి గ్రేడు వేయాలంటే ప్రమాణంగా సీలు వేసిన గాజు సీసాలుంటాయట. మన పంచదారని ఆ సీసాల పక్కన పెట్టి, పలుకు ఎంత, రంగు ఎంత అని చూడాలి. ఎవరు చూసినా, ఎప్పుడు చూసినా అదే గ్రేడు రావాలి. "సీసా లేకుండా గ్రేడు వేసేవాడూ, చెయ్యి చూడకుండా జాతకం చెప్పేవాడూ ఒకటే" అనేవారు. మా ఇంట్లో కాఫీ తాగినా పంచదార డబ్బా తెప్పించి, నాలుగు పలుకులు అరచేతిలో పోసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి చూసేవారు. మా అత్తగారికి అది మహా చిరాకు.

రిటైరై రాజమండ్రి వచ్చాక నాణేల పిచ్చి ముదిరింది. ఇక్కడి సేకరణదారులు డబ్బా మీది అంకె చూసి దణ్ణాలు పెట్టడం, లోపలి నాణెం మొహం చూడకపోవడం ఆయనకి ఒళ్ళు మండించింది. ఏ కంపెనీని నమ్మవచ్చో తేల్చాలని పంతం పట్టారు. దానికి ఒకే నాణెం అందరికీ పంపాలి. పైగా ఆ నాణెం పుట్టుపూర్వోత్తరాలన్నీ ముందే తెలిసి ఉండాలి. అటువంటిది ఇల్లంతా వెతికితే ఒక్కటే దొరికింది. పిన్నిగారి పూజ రూపాయి.

విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయి అది. వాళ్ళ పుట్టింట్లో తరతరాలుగా పూజ పెట్టెలోనే ఉన్నదాన్ని పెళ్ళిలో పిన్నిగారి చేతిలో వాళ్ళమ్మగారు పెట్టారు. ఏటా శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసేవారు. ముందురోజు చింతపండుతో బరబరా తోమి, విబూదితో మెరుగు పెట్టేవారు. నాణేలవాళ్ళ లెక్కలో తోమడం మహాపాపం. తోమిన నాణేనికి మార్కులే ఇవ్వరు. అన్నేళ్ళ చింతపండుని ఎవడు కనిపెడతాడో చూద్దామని బాబాయిగారి ఆలోచన.

"మళ్ళీ శ్రావణానికి నా రూపాయి నా చేతికి వస్తుందాండీ?" అని పిన్నిగారు గుమ్మంలో నిలబడి అడగడం నేను విన్నాను.

"రాకేం? ఇచ్చేస్తాలేవే" అన్నారాయన, ప్యాకెట్ అతికిస్తూ.

బాగా పేరున్న కంపెనీకి ముందు పంపారు. అరవై రెండు మార్కులతో వచ్చింది. దాంతోపాటు 'సహజమైన తొలి మెరుపు' అని కితాబు! బాబాయిగారు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారబోయారు. "ఏమేవ్, నీ చింతపండుకి ఫస్టు క్లాసు వచ్చిందే!" అని వంటింట్లోకి కేకేశారు. ఆ డబ్బా పగలగొట్టి రెండో కంపెనీకి పంపితే యాభై అయిదు. జనం చేతులు మారి అరిగిందన్నారు వాళ్ళు. అది పూజ పెట్టె దాటి ఎరగదు.

మూడో కంపెనీని సేకరణదారులు ఎవరూ లెక్కచేయరు. వాళ్ళు మాత్రం 'తోమినది, మార్కులు లేవు' అని తిప్పి పంపారు. బాబాయిగారు ఆ డబ్బాకి రెండు చేతులూ జోడించారు. కానీ ఆయన ఊరుకునే రకమా? తను ఎన్నడూ తడిగుడ్డ కూడా తగలనివ్వని ఇంకో నాణేన్ని వాళ్ళకే పంపారు. అదీ 'తోమినది' అనే వచ్చింది. "వీడికి ఆ ఒక్క ముక్కే వచ్చు కాబోలు" అని దణ్ణం వెనక్కి తీసుకున్నారు.

ఇక రూపాయిని మళ్ళీ మొదటి కంపెనీకే పంపారు. యాభై ఎనిమిది అన్నారు! సహజమైన మెరుపు మీద ఈసారి ఒక్క ముక్క లేదు. అదే కంపెనీ, అదే రూపాయి. ఆ రోజు మాత్రం బాబాయిగారు నవ్వలేదు. "మనిషికీ మనిషికీ తేడా వస్తే సర్దుకోవచ్చు అమ్మాయ్. వీడు నిన్న రాసింది ఇవాళ గుర్తుపట్టలేడు. మా ల్యాబులో అయితే గేటు దగ్గరే ఆపేసేవాళ్ళం" అన్నారు. నాకు అంతకంటే పెద్ద తిట్టు ఆయన నోట విన్న గుర్తు లేదు.

ఈ వైభవమంతా జరిగేలోగా రెండు శ్రావణాలు గడిచిపోయాయి. ఆ రెండు వ్రతాలకీ పిన్నిగారు కలశంలో మామూలు రూపాయి బిళ్ళ వేసుకున్నారు. అడిగితే, "ఈసారితో తేలిపోతుందటమ్మా" అనేవారు. నిజం చెప్పాలంటే ఈ విషయంలో నాకు బాబాయిగారి మీద కూడా ఒళ్ళు మంటే. పనికిమాలిన కంపెనీలు పనికిమాలినవని ఋజువు చేయడానికి ఆవిడ రూపాయే కావలసి వచ్చిందా? మూడో శ్రావణానికి తప్పకుండా డబ్బా పగలగొట్టి ఇస్తానన్నారు. ఆషాఢంలోనే వెళ్ళిపోయారు.

పెద్దకర్మ నాడు నాణేల వ్యాపారి ఒకాయన వచ్చాడు. విస్తరి ముందు కూర్చుని, పులుసు కలుపుకుంటూ, "డబ్బాలు మాత్రం తెరవకండి అండి. గ్రేడు పోతుంది" అన్నాడు నాతో.

"ఏ గ్రేడండీ? అరవై రెండా, యాభై అయిదా, యాభై ఎనిమిదా?" అన్నాను.

"కంపెనీవాళ్ళు నిపుణులండీ. మనకేం తెలుస్తుంది?"

"చింతపండు తెలుస్తుంది లెండి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. పెరుగన్నం కానిచ్చి వెళ్ళిపోయాడు.

శ్రావణం వచ్చింది. వ్రతానికి ముందురోజు సాయంత్రం పిన్నిగారు ఆ డబ్బా పట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు. "కాస్త పగలగొట్టి పెట్టమ్మా, నా చేతుల్లో బలం లేదు" అన్నారు. గోనెపట్టా మీద పెట్టి పచ్చడిబండతో మోదాను. అంత గొప్ప కంపెనీ సీలూ రెండు దెబ్బలకి ముక్కలైంది. ఆ దెబ్బలు వేస్తుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పిన్నిగారు చింతపండు నానబెట్టి, పీటమీద కూర్చుని రూపాయిని తోమడం మొదలుపెట్టారు. కడిగి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టారు. "రేపు నీ కలశంలో వేసుకో" అన్నారు.

"ఇది మీదండీ పిన్నిగారూ" అన్నాను.

"ఇంక నాకు ఆ వ్రతం ఎక్కడిదమ్మా?"

ఆవిడ అలవాటు కొద్దీ బొట్టు పెట్టి ఇద్దామని గూట్లోని కుంకుమ భరిణె మీదికి చెయ్యి చాపారు. సగంలో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుని, ఒళ్ళో పెట్టుకున్నారు. నేను లేచి భరిణె తెచ్చి, మూత తీసి, ఆవిడ ముందు కూర్చున్నాను. "పెట్టండి" అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూశారు. తర్వాత వేలు కుంకుమలో అద్ది నా నుదుట పెట్టారు. వేలికి ఇంకా చింతపండు తడి ఉంది. బొట్టు నిలవక ముక్కు మీదికి ఎర్రగా కారింది. నేను తుడుచుకోలేదు.