జంట బెజ్జాల గిన్నె

మా షుల్‌కబ్ ఊళ్ళో తోమసా ఉక్ అంత విసుక్కునే మనిషి ఇంకొకరు లేరు. అంత శ్రద్ధగా పనిచేసే మనిషీ లేరు. అడవిలో పాత పిరమిడ్ల దగ్గర తవ్వకాలు జరిగే ఎండాకాలమంతా పందిరి నీడలో మూడు బేసిన్లు పెట్టుకుని, మట్టిలోంచి వచ్చిన పాత కుండల పెంకులను పళ్ళు తోముకునే బ్రష్షుతో కడిగేది. పదకొండేళ్ళు అదే పని. రంగు బొమ్మ ఉన్న పెంకును తోమకూడదని, నీళ్ళు చిలకరించి వదిలేయాలని ఎవరూ చెప్పకముందే కనిపెట్టింది.

"వెయ్యేళ్ళ నాటి వాళ్ళ అంట్లు కడుగుతుంది. మా ఇంటి అంట్లు నాకు వదిలేస్తుంది," అని ఆమె భర్త, పేరు క్లేతో, కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

"వాళ్ళు నాకు ఎదురు చెప్పరు మరి!" అనేది తోమసా.

ఒక ఏడాది నారింజరంగు గిన్నె ఒకటి నాలుగు ముక్కలై దొరికింది. లోపల ఈకల తలపాగాతో కూర్చున్న రాజు బొమ్మ. ఒక పగులుకు అటొకటి ఇటొకటి చొప్పున సన్నని బెజ్జాల జతలు. అప్పుడే పురావస్తు చదువు ముగించి మెరీదా పట్నం నుంచి వచ్చిన డాక్టర్ ఇరేనె మూడు రోజులు ఆ బెజ్జాలతోనే తంటాలు పడింది. చివరికి నోటుబుక్కులో రాసుకుని పైకి చదివింది: "పూజలో ధూపం పొగ బయటికి పోవడానికి చేసిన రంధ్రాలు కావచ్చు."

తోమసా బ్రష్షు ఆపింది. "డాక్టరమ్మా, మీకు అంతుపట్టనిదల్లా పూజేనా?"

కూలీలమంతా తలలు దించుకుని నవ్వాం.

"అయితే మీరే చెప్పండి, తోమసమ్మా," అంది డాక్టరమ్మ, కాస్త ఉడుక్కుని.

తోమసా ఇంటికి వెళ్ళి, రొట్టెలు వేడిగా దాచుకునే సొరకాయ బుర్ర తెచ్చింది. దాని పగులుకు రెండు వైపులా బెజ్జాలు, వాటిలోంచి కిత్తనారతో కుట్లు.

"మా అత్త కుట్టింది. ఆ గిన్నె వాడుకున్న ఇల్లాలికీ పారేయడానికి మనసొప్పలేదు. అంతే."

డాక్టరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. రాసింది కొట్టేసింది. "ఇంతకీ ఎవరు పగలగొట్టి ఉంటారంటారు?"

"మొగుడే," అంది తోమసా, క్షణం ఆలోచించకుండా.

ఆ తర్వాత ఆమెను పట్టడం మావల్ల కాలేదు. దొరికిన ప్రతిదానికీ తీర్పు చెప్పేది. వరస గీతలు చెక్కిన ఒక రాయిని బట్టలుతికే రాయి అని ఒట్టేసి మరీ చెప్పింది. అది బెరడు దంచి కాగితం చేసే రాయి అని డాక్టరమ్మ తేల్చింది. క్లేతో వారం రోజులు పండగ చేసుకున్నాడు.

రెండేళ్ళకు ఆ గిన్నె పట్నం మ్యూజియంలో అద్దాల వెనకకు చేరింది. కింద చీటీ మీద "పగిలాక కుట్టి వాడుకున్నది, తోమసా ఉక్ చెప్పిన ప్రకారం" అని ఉంది. మొగుడూ పెళ్ళాం చూడ్డానికి వెళ్ళారు. తోమసాకు చదువు రాదు. క్లేతో రెండుసార్లు చదివి వినిపించాడు. ఆమె అద్దానికి ముఖం ఆనించి చూస్తుంటే కాపలా అతను, "అమ్మా, తాకకూడదు," అన్నాడు.

"దాన్ని కడిగిందే ఈవిడ, బాబూ," అన్నాడు క్లేతో.

అతని గొంతులో వెక్కిరింపు లేకపోవడం గమనించి, తోమసా ఆరోజు ఇంటికి రాగానే అంట్లన్నీ తనే కడిగేసింది.