థర్మన్ ఎడమ భుజం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో థర్మన్ గిడ్రీ నా ఎడమ పక్కన నిలబడి ఆడేవాడు. నేను వంగి బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించగానే, దాన్ని విసిరేవాడి మీదికి ఎదుటి జట్టు వాళ్లు ఎగబడతారు. వాళ్లకు ఒళ్లు అడ్డం పెట్టి ఆపడమే మా పని. టీవీలో మా పేర్లు వినపడేది మేం ఆపలేకపోయినప్పుడే.

థర్మన్‌ది లూసియానా. మనిషి తలుపంత వెడల్పు, గొంతు మాత్రం మెత్తన. ఈ మంచు ఊరికి వచ్చి ఏడేళ్లయినా అన్నం లేనిదే భోజనం చేసినట్టుండేది కాదు వాడికి. ఆదివారం ఆట అయితే సోమవారం వాళ్లావిడ యోలాండ్ పెద్ద గిన్నెలో అన్నంలోకి గంబో పులుసు వండేది. గోడలా నిలబడే ఐదుగురమూ వాళ్లింట్లోనే దిగేవాళ్లం. వాళ్ల పాప సిమోన్ మా ఒళ్ల మీద ఎక్కి దిగుతూ ఉండేది.

ఫిబ్రవరి వచ్చిందంటే మాకు కోతల కాలం. సీజన్ పొడుగునా సూదులతో, పట్టీలతో నెట్టుకొచ్చినవన్నీ అప్పుడు ఆసుపత్రిలో కోయించుకుంటాం. థర్మన్ ఒక ఏడు మోకాలు కోయించుకున్నాడు, ఒక ఏడు చీలమండ, మరో ఏడు మోచెయ్యి. పుట్టినరోజు ఆ నెలలోనే.

"మా ఆయన కేకు ఎప్పుడూ మత్తులోనే తింటాడు. ఏ కేకో కూడా తెలీదు పాపం" అనేది యోలాండ్. అప్పట్లో నవ్వుతూనే అనేది.

చివరి సీజన్ మొదట్లోనే వాడి ఎడమ భుజం గూడు తప్పింది. మైదానం పక్కన డేరాలోకి తీసుకెళ్లి ఎముకను లోపలికి తోశారు. మర్నాడు జట్టు డాక్టరు స్కాన్ ఫోటోలు చూసి, "గూడు అంచు చిరిగింది. ఇప్పుడు కోస్తే ఈ సీజన్ పోయినట్టే. పట్టీ బిగించుకుని ఆడతానంటే ఫిబ్రవరిలో కోద్దాం. నీ ఇష్టం" అన్నాడు.

థర్మన్ బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏమన్నాడురా?"

"నా ఇష్టమట" అని వాడు గట్టిగా నవ్వాడు. గదిలో మేమంతా కూడా నవ్వాం. ఆ మూల కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న కొత్తవాడు మాత్రం నవ్వలేదు. వాణ్ణి ఆ ఏడే కాలేజీ నుంచి తెచ్చుకున్నారు, థర్మన్ చోటు కోసమే. చెడ్డవాడేం కాదు. ఎదురుచూస్తున్నాడంతే.

ఆ వారం నుంచి థర్మన్ భుజానికి తోలు పట్టీ బిగించి, చెయ్యి పక్కటెముకలను దాటి పైకి లేవకుండా వారుతో కట్టేశారు. రెండు చేతులతో చెయ్యాల్సిన పనిని ఒక చేత్తో, నడుంతో, మెడతో చెయ్యడం నేర్చుకున్నాడు. ఎదుటివాళ్లకు ఇలాంటివి తెలియకుండా ఉంటాయా?

"ఏం తాతా, ఆ చెయ్యి ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అన్నాడొకడు గీత దగ్గర వంగి.

"నీకు ఒకటి చాల్లే అని మా ఆవిడే ఉంచేసుకుంది" అన్నాడు థర్మన్.

నవ్వుతూనే ఆ మనిషి ఆటంతా అదే చేతిని పట్టుకుని లాగాడు. థర్మన్ అరవలేదు. గీత మీదికి తిరిగొచ్చి నిలబడిన ప్రతిసారీ వాడి ఊపిరి ఎలా ఎగిసిపడుతోందో పక్కనున్న నాకు వినపడేది.

ఇంట్లో చొక్కా గుండీలు యోలాండ్ పెట్టేది. సిమోన్‌ని కుడి చంకలోనే ఎత్తుకునేవాడు. కోచ్ మాత్రం సమావేశాల్లో అందరి ముందూ వాడి ఆట తెర మీద ఆపి, "చూడండి. మగాడంటే ఇదిగో వీడు" అనేవాడు. అప్పుడు థర్మన్ తల వంచుకుని బూట్ల వైపు చూసేవాడు. గర్వపడేవాడు కూడా. నాకు తెలుసు, నేనూ అలా గర్వపడ్డవాణ్ణే.

ఆ ఏడు మేం గెలుస్తూ పోయాం. గెలిచే కొద్దీ సీజన్ సాగుతుంది, సాగే కొద్దీ కోత వెనక్కి జరుగుతుంది. జనవరిలో మొదటి నాకౌట్ ఆట గెలిచిన సాయంత్రం ఊరంతా హారన్లు మోగించుకుంటూ తిరిగింది. మా కుటుంబాలు వేచి ఉండే హాల్లో అందరూ కౌగిలించుకుంటున్నారు. యోలాండ్ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఎప్పుడు ఓడిపోతారు కార్ల్?" అంది.

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను.

"నాకు నిజం చెప్పు. ఇంకెన్ని గెలుస్తారు మీరు?"

తర్వాతి వారమే ఓడిపోయాం. ఆ ఆటలో భుజం రెండుసార్లు జారింది. రెండుసార్లూ థర్మన్ మోకాళ్ల మీద కూర్చుని, కుడిచేత్తో తనే లోపలికి నెట్టుకుని లేచాడు. వాడు అడ్డుకోవాల్సిన మనిషి మాత్రం బంతి విసిరేవాణ్ణి ఒక్కసారి కూడా ముట్టుకోలేకపోయాడు.

కోత అనుకున్న దానికి రెట్టింపు సేపు పట్టింది. సర్జన్ బయటికొచ్చి, లోపల మెత్తగా ఉండాల్సింది అరిగి ఇసుకైపోయిందని, దొరికినంత మేరకు కుట్టానని యోలాండ్‌తో చెప్పాడు. వసంతమంతా థర్మన్ ఆ చేతికి మళ్లీ నడక నేర్పినట్టు నేర్పాడు. మొదట టవలు ఎత్తాడు, తర్వాత ఖాళీ బకెట్టు, తర్వాత ఇనుము. వాడంత శ్రద్ధగా కసరత్తు చేసినవాణ్ణి నేను చూడలేదు.

జులై చివర్లో కొత్త సీజన్‌కి సాధన శిబిరం మొదలైంది. మొదటి ఉదయం డాక్టరు పరీక్ష. చెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తాడు. గోడను నెట్టమన్నాడు, నెట్టాడు.

"నొప్పి ఉందా?"

"లేదు డాక్టర్."

థర్మన్ బయటికొచ్చి నన్ను ఒంటిచేత్తో ఎత్తేసినంత పనిచేశాడు. అక్కడికక్కడే యోలాండ్‌కి ఫోన్ చేసి, "పాసయ్యానే! అంతా బాగుందన్నారు!" అని అరిచాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కోచ్ మనిషి వచ్చి వాడి భుజం తట్టి, ఆట పథకాలుండే జట్టు టాబ్లెట్ అప్పగించడానికి మేడ మీదికి రమ్మన్నాడు. ఆ మాటకి అర్థం తెలియనివాడు ఆ హాల్లో లేడు.

కాసేపటికి కిందికి వచ్చి సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఏంట్రా ఇది? పొద్దున్నే కదా పాసయ్యావు?"

"పాసయ్యాను కాబట్టే" అన్నాడు. "గాయంతో ఉన్నవాణ్ణి ఊరికే తీసెయ్యడానికి వీల్లేదు. బాగున్నవాణ్ణి ఎప్పుడైనా తీసెయ్యొచ్చు. నొప్పి లేదని చెప్పింది నేనే కదా."

కొత్తవాడు లేచి వచ్చి చెయ్యి చాపాడు. థర్మన్ ఆ చెయ్యి పట్టుకుని, "ఎడమ కాలు మరీ వెనక్కి పెడుతున్నావు, చూసుకో" అన్నాడు.

ఇంకో రెండు జట్లు పిలిచాయి. ఆటలో వంక పెట్టలేదు గానీ, వాళ్ల డాక్టర్లు లోపలి ఫోటోలు చూసి ఈ భుజంతో వద్దన్నారు. ఒక జట్టు దృష్టిలో తీసెయ్యడానికి సరిపోయినంత బాగుంది, మిగిలినవాళ్ల దృష్టిలో తీసుకోవడానికి సరిపోనంత పాడైంది. శీతాకాలంలో ఊరు ఖాళీ చేసి లూసియానా వెళ్లిపోయారు. అక్కడ మళ్లీ కోశారు, ఆ తర్వాత ఏడాది ఇంకోసారి కోశారు. ఆ చివరి కోతలో నరం దెబ్బతిని రెండు వేళ్లు మొద్దుబారాయి. ఇంక కుట్టడానికి లోపల ఏమీ మిగల్లేదని, కృత్రిమ కీలు పెట్టాలంటే వయసు చాలదని, యాభై దాటేదాకా ఆగమని పంపేశారు. అప్పటికి వాడికి ముప్పై నాలుగు.

మొన్న మార్చిలో చూడ్డానికి వెళ్లాను. పెరట్లో రొయ్యల్లాంటి క్రాఫిష్‌లు ఉడికించి, బల్ల మీద కాగితాలు పరిచి కుమ్మరించారు. అవి వలుచుకోవాలంటే రెండు చేతులూ కావాలి. సిమోన్ పక్కనే కూర్చుని, తను తినకుండా, వలిచినవి వలిచినట్టు తండ్రి ముందు పెడుతోంది.

నేనే ఆగలేక అడిగాను. "ఆ రోజు నొప్పి ఉందని చెప్పి ఉంటే?"

థర్మన్ ముందున్న డొల్లలు కుడిచేత్తో పక్కకి నెట్టాడు. "చెప్పాలనే వెళ్లాన్రా. యోలాండ్ కూడా పొద్దున మరీ మరీ చెప్పి పంపింది. కానీ ఆ ప్రశ్నకి ఏళ్ల తరబడి ఒకటే జవాబు చెప్పాను. నోటికి ఇంకోటి రాలేదు."

భోజనాలయ్యాక వాడు వరండాలో వాలు కుర్చీలో దిండ్లు సర్దుకుని కళ్లు మూసుకున్నాడు. దుప్పటి తెచ్చి కప్పుతూ యోలాండ్, "మంచం మీద పడుకుంటే భుజం మీద బరువు పడుతుంది. రోజూ ఇక్కడే నిద్ర" అంది. ఆ మాట కూడా వంటింట్లో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా చెప్పి, బల్ల మీది డొల్లలు కాగితంలో చుట్టడానికి వెళ్లింది.