గోంగూర డబ్బా అడుగున నూనె

మా ఆవిడ కాళ్లు బిగుసుకుంటే సౌదీలో నేను పనిచేసే రాబిగ్ రిఫైనరీలో ఉన్న పైపులన్నీ సిగ్గుతో తల దించుకునేవి. అంత గట్టి. పాదం పట్టుకుని వంచబోతే నేనే ఎగిరి మంచం అవతల పడేవాణ్ని, ఇంకాస్త ఊపుంటే ఎర్రసముద్రంలోనే తేలేవాణ్ని. ఆమె నవ్వేది. నవ్వుతూనే దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేది, అరుపు బయటికి రాకుండా.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ పేరు పలకడం నేను నేర్చుకునేలోపు ఆమె నడక పోయింది. జెద్దాలో నరాల డాక్టరు మాత్రలన్నీ మార్చి చూసి, చివరికి అన్నాడు: "ఏ మందూ పనిచేయనప్పుడు కొన్ని దేశాల్లో స్పెషలిస్టులు గంజాయి నుంచి తీసిన మందు రాస్తారు. ఇలాంటి బిగువుకి, లొంగని మూర్ఛలకి, కేన్సర్ మందులు తెచ్చే వాంతులకి. అందరికీ పనిచేయదు. ఇక్కడైతే ఆ మాటే మరిచిపోండి."

మరిచిపోయాను. కడపలో ఉన్న బామ్మర్దికి ఫోనులో పూసగుచ్చినట్టు చెప్పాకే మరిచిపోయాను. ఆవిడ మాత్రం మరవలేదు. "ఒక్క పూట కాళ్లు వదులైతే చాలు, కంటినిండా నిద్రపోతా" అంటుండేది.

ఇక్కడి మా తెలుగువాళ్లలో ఒక పద్ధతి ఉంది. సెలవు నుంచి ఎవరు తిరిగొస్తున్నా అందరి పార్సిళ్లూ మోసుకు రావాలి. మూత విప్పి చూడటం మర్యాద కాదు. ఆ వారం వస్తున్నది మా పక్కింటి డ్రైవరు. అతని పెట్టెలో సొంత బట్టలు ఒక జత, మిగిలిందంతా కడప జిల్లా.

అతను బయల్దేరిన రోజు బామ్మర్ది ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"బావా, ఆయుర్వేదం అంగట్లో ఆ గంజాయి నూనె దొరికింది. గోంగూర డబ్బా అడుగున పెట్టి పంపిచ్చినా. దేవుడు గూడా కనుక్కోలేడు!"

"దేవుడెందుకురా, ఎయిర్‌పోర్టులో కుక్కలు కనుక్కుంటాయి! ఆయప్పకు చెప్పినావా?"

"చెప్తే తీస్కపోతాడా బావా?"

పక్కనే అంతా విన్న ఆవిడ ఫోను లాక్కుని డ్రైవరుకి తనే కలిపింది.

"తమ్ముడా, యాడుండావు?"

"శంషాబాద్‌లో, లగేజీ లైన్లో వదినా."

"నా గోంగూర డబ్బా తీసి చెత్తబుట్టలో పారెయ్."

"అయ్యో, మీ అమ్మ నీకోసరమని చేసిండేది వదినా!"

"దాంట్లో నీకు తెలీకుండా గంజాయి నూనె దాచినారు. పట్టుకుంటే నీ పిల్లోళ్లు నిన్ను మళ్లా ఎప్పుడు చూస్తారో. పారెయ్ నాయనా."

అటు నుంచి పెట్టె జిప్పు లాగిన చప్పుడు, డబ్బా చెత్తబుట్టలో పడిన చప్పుడు. తర్వాత అతని గొంతు: "పారేసినా వదినా."

ఫోను పక్కన పెట్టి ఆమె ఏడ్చింది. ఎందుకని అడిగాను, తెలియనట్టే.

"అంత గోంగూరా పాయె గదా."

గోంగూర కోసమే అని నమ్మినట్టు తలూపాను. అంతలో కాళ్లు మళ్లీ బిగిశాయి. పాదం పట్టుకుని, నవ్వుతుందేమోనని ఎప్పటికంటే ఘోరంగా ఎగిరిపడ్డాను. లేచి చూస్తే ఆమె అటు తిరిగి పడుకుంది. దుప్పటి అంచు అప్పటికే నోట్లో ఉంది.