లేబుల్ మీద లేని పేరు

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. జక్రాన్‌పల్లిలో మా అవ్వ దిష్టి తీసిన నిమ్మకాయ పారేస్తుంటే, పులిహోరకు పనికొస్తుంది ఉంచమని ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. చచ్చినవాళ్ళే దయ్యాలవుతారంటారు. ఈ సంగతిలో చచ్చిందెవరో చదివి మీరే చెప్పండి.

క్లినికల్ ఎంబ్రియాలజీలో పీజీ చేస్తూ, శిక్షణ కోసం నిజామాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో చేరాను. తల్లి కడుపులోకి వెళ్ళేదాకా పిండాలను ల్యాబులో కాపాడటం మా పని. అక్కడొక నియమం ఉంది. పిండాలుంచిన ఏ డిష్ ముట్టుకున్నా దాని మీది పేరు, ఊరు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు విని సంతకం పెట్టాలి. ఒకరి పిండం మరొకరికి చేరకుండా అదే కాపలా. నాకు పని నేర్పే మా సారు చదివేవారు. నేను సాక్షిని.

కోటగిరి నుంచి ఒకామె వచ్చేది. అసలు పేరు రాయను, గంగామణి అనుకోండి. ముప్పై తొమ్మిదేళ్ళు, చెరకు పండిస్తారు. రెండుసార్లు ప్రయత్నిస్తే గర్భం నిలవలేదు. మిగిలిన మూడు పిండాలను గడ్డకట్టించి దాచాం. ఇక అండాలు వచ్చే ఆశ లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అవే ఆఖరు.

ఆ ఉదయం పదింటికి సారు ఆమె పేరు చదివి, పిండాలున్న సన్నటి గొట్టాన్ని మంచుకన్నా చల్లని ద్రవ నైట్రోజన్‌లోంచి పైకి తీశారు. అప్పుడే ఫోన్ మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కొత్త కారు ఏ రంగు తీసుకోవాలో మాట్లాడారు. గొట్టం గాలిలోనే ఉంది. క్షణాల్లో పాడైపోయే వస్తువది. "సార్" అన్నాను. ఒక్కసారే, అదీ మెల్లగా. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే మూడూ నల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి.

"పిండాలు బలహీనం, బతకలేదు" అని సారు కేస్ షీటులో రాశారు. నా సర్టిఫికెట్ ఆయన చేతిలో ఉంది. కింద సంతకం పెట్టాను.

కిటికీ అవతలి గదిలో పిండాల కోసం పడుకుని ఉన్న గంగామణి, డాక్టరమ్మ సంగతి చెప్పగానే బల్ల దిగి, చీర సర్దుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు కండ్లార సూసినవా బిడ్డా? లోపం నాదేనా?"

"అవునక్కా. బలం లేకుండె," అన్నాను.

నా నోటి వంక చూసింది. "నా పేరు సదివే తీసిండ్రు గద. గా పేరు మీ నోట్లకెళ్ళి పోదు." ఏడవలేదు, అరవలేదు. చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆర్మూరు నుంచి వచ్చిన లావణ్య డిష్ తీశాం. లావణ్య పేరున్న లేబుల్ నా కళ్ళ ముందే ఉంది. సారు "గంగామణి, కోటగిరి" అని చదివారు. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే. "రాసిందే సదువుతున్న గద, చెవుడా నీకు?" అని కసిరారు. కిటికీ అవతల బల్ల మీదున్న లావణ్య లేచి కూర్చుంది. నా పేరు అది కాదు, నాకొద్దు అని ఆ రోజుకి వెళ్ళిపోయింది. విన్నది నేనొక్కదాన్నే కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పక్కనే ఉన్న సిస్టర్ కూడా విన్నది.

వారంలో నలుగురు అలాగే లేచిపోయారు. నిజం చెప్పాలంటే, సారు అవస్థ చూసి నాకు లోపల సంబరంగా ఉండేది. అనుభవించు అనుకున్నాను.

తొమ్మిదో రోజు ఆయనకు బదులు నన్ను చదవమంది డాక్టరమ్మ. చదివాను. నా చెవికి సరిగ్గానే వినిపించింది. సిస్టర్ మాత్రం సాక్షి సంతకం పెట్టబోయి ఆగిపోయింది. "నువ్వు గూడనా?" అంది.

నెలలో ప్రాక్టికల్ పరీక్ష, అందులో మొదటి పనే లేబుల్ చదవడం. పరీక్ష భయంతో వెళ్ళానో, సిగ్గుతో వెళ్ళానో గానీ, బోధన్ మీదుగా కోటగిరి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం గంగామణి చెరకుకు నీళ్ళు పారిస్తోంది. ఫోన్ సంగతి, గొట్టం సంగతి, నా సంతకం సంగతి అన్నీ చెప్పాను. పార ఆపకుండానే విన్నది.

"నాకు జెప్తే ఏమొస్తది? రాసిన కాడ రాయి."

రాశాను. సారు రాసిన లైను కింద, "పిండాలు అంతవరకు బాగానే ఉన్నాయి. గొట్టం గాలిలో ఉండిపోయింది. నేను చూశాను" అని రాసి, డాక్టరమ్మకు చూపించి, నకలు గంగామణికి ఇచ్చాను. నా శిక్షణ అక్కడితో ఆగింది. ఆ ఏడు పరీక్ష పోయింది. వేరే ఊళ్ళో మొదటి నుంచి చేశాను. ఆ రోజు నుంచి నా నోట ఒక్క పేరూ తప్పలేదు.

సారు ఒప్పుకోలేదు. ఇంకో కేంద్రంలో చేరితే అక్కడా అదే పేరు చదివారట. చివరికి ల్యాబు పనే మానేశారు. మొన్న మనవరాలిని ఉయ్యాల్లో వేసి పేరు పెట్టే తొట్టెల నాడు, పాప చెవిలో పేరు చెప్పమంటే, మూడుసార్లూ "గంగామణి, కోటగిరి" అన్నారని సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది.

ఆ సాయంత్రం గంగామణికి ఫోన్ చేశాను. పసిగుడ్డు ఏ పాపం ఎరగదు, ఇగ ఇడిసిపెట్టు అక్కా అన్నాను.

అవతల చేను నీళ్ళ మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"నా మూడు ఏం పాపం జేసినయి బిడ్డా?" అని ఫోన్ పెట్టేసింది.